నాన్న సామెతకి అర్థం చెప్పలేకపోయారు, అబ్‌స్ట్రాక్షన్ (పోలికలు, లోపలి అర్థం పట్టుకోవడం) 0 అని రాశారు

పల్లెపిల్ల:
నాన్నకి 67. మూడు నెలల కిందట స్ట్రోక్ వచ్చింది, మెదడులో ఎడమ పక్క. నడక వచ్చేసింది కానీ మాట ఇంకా తడబడుతోంది. మొన్న మెమరీ టెస్ట్ అని కూర్చోబెట్టి "మొక్కై వంగనిది మానై వంగునా అంటే ఏంటండీ" అని అడిగారు, నాన్నేమో "మాను... గట్టిది... విరుగుద్ది" అన్నారు. రైలుకీ సైకిల్‌కీ పోలికేంటంటే "రైల్లో సైకిల్ ఎక్కిస్తారు" అన్నారు. ఐదో క్లాసే చదివారు గానీ ఊళ్ళో తగువొస్తే ఈయన్నే పిలిచేవాళ్ళు, నోరు తెరిస్తే సామెత. అందుకే నాకు ఏడుపొస్తోంది. అర్థమే పోయిందా, మాట రాక అలా అన్నారా, ఎలా తెలుస్తుంది?

మాటసాయం:
నేను స్పీచ్ థెరపిస్ట్‌ని అండీ. ఆ రైలు సైకిల్ ప్రశ్న మోకా (MoCA) అని జ్ఞాపకం, ఆలోచన చూసే చిన్న టెస్ట్‌లోది, మొత్తం 30 మార్కుల్లో ఈ అబ్‌స్ట్రాక్షన్ భాగానికి రెండే, రైలు సైకిల్‌కి అందులో ఒకటి. "రెండూ ప్రయాణానికే" అంటేనే మార్కు, "రెండిటికీ చక్రాలుంటాయి" అన్నా ఇవ్వరు. ఎడమ పక్క స్ట్రోక్ వచ్చి మాట తడబడుతోందంటే అఫేషియా, అంటే మెదడు దెబ్బతిని మాట, భాష పట్టుతప్పడం, ఉందేమో చూడాలి, అది ఉన్న మనిషిని నోటితో చెప్పమని అడిగి ఆలోచనే లేదనడం అన్యాయం. బొమ్మల టెస్ట్ అడగండి. పైన పిరమిడ్ బొమ్మ, కింద తాటిజాతి చెట్టొకటి, పైన్ చెట్టొకటి, ఏది జతో వేలితో చూపిస్తే చాలు, ఇలాంటివి 52 ఉంటాయి. కాకపోతే పిరమిడ్ ఎప్పుడూ చూడని వాళ్ళకి మనకి తెలిసిన వస్తువులతోనే చెయ్యాలి. పైగా మర్యాద, నమ్మకం లాంటి వాటికి బొమ్మ గీయలేం, అక్కడ నేనైతే చిన్న కథ చెప్పి అవునా కాదా అని అడుగుతా. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్ళలో కొందరు మాట గడగడా మాట్లాడుతూనే సామెతకి లోపలి అర్థం కాకుండా పైమాటల అర్థమే చెప్తారు, అది వేరే సమస్య.

కృష్ణాతీరం:
చదువు సంగతి కూడా చూడాలి కదా. 1931, 32లో లూరియా అనే రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ చూపించి ఏది వేరు అంటే బడికెళ్ళని రైతులు దుంగని తియ్యనివ్వలేదు, దుంగ లేకపోతే రంపం దేనికి అన్నారు. వాళ్ళ మెదడుకి ఏ జబ్బూ లేదు. మీ నాన్నగారి రైలు సైకిల్ జవాబు నాకు అలాగే వినిపించింది. మోకాలో చదువు 12 ఏళ్ళు దాటకపోతే ఒక మార్కు కలుపుతారు, ఐదో క్లాసుకీ ఇంటర్‌కీ అదే ఒక్క మార్కు, ఇదేం లెక్కో. స్ట్రోక్‌కి ముందు ఎలా ఉండేవారో మీరే డాక్టర్‌కి చెప్పాలి.

పల్లెపిల్ల:
ఇద్దరికీ థాంక్స్ అండీ. రాత్రి పక్కింటి కుర్రాడి కథ చెప్పా, చిన్నప్పుడు ఏమీ అనకుండా ఇప్పుడు పదహారేళ్ళొచ్చాక తిడుతున్నారు అని. మూడు సామెతలు ఒక్కొక్కటీ చదివి సరిపోయేదానికి చెయ్యెత్తమన్నా. మొక్కై దగ్గర ఎత్తారు, నవ్వారు కూడా. ఇంకో రెండు కథలు సరిగ్గా పట్టుకున్నారు, నాలుగోది తప్పింది.

మాటసాయం:
ఆ తప్పింది ఏదో, ఏ సామెతకి చెయ్యెత్తారో రాసుకెళ్ళి చూపించండి. టెస్ట్ చేసేవాళ్ళకి అదే ఎక్కువ పనికొస్తుంది.