గంజాయి ముఠాల వెంట పడుతున్న కుర్రాళ్లను ఎలా ఆపాలి?

ప్రశ్న (జయపురం, కొరాపుట్ జిల్లా): మా వీధిలో పదో తరగతి తప్పిన ఇద్దరు కుర్రాళ్లు కొత్త ఫోన్లు పట్టుకుని, గంజాయి మూటలు మోయించే ముఠా వెంట తిరుగుతున్నారు. పెద్దలం కలిసి ఏం చేయగలమో దయచేసి చెప్పండి.

జవాబు (రాయగడ): అయ్యా, చికాగోలో 2000లో మొదలైన హింస నివారణ కార్యక్రమం, ఒకప్పుడు ఆ వీధుల్లోనే తిరిగి బయటపడినవారిని జీతమిచ్చి నియమించుకుని, కుర్రాళ్ల తగాదాలు ముదరకముందే వారిచేత సర్దిచెప్పించింది. మీ ఊళ్లోనూ అటువంటి మనిషిని వెతకండి. మన సుద్దులకన్నా అతని మాటే వాళ్లు వింటారు.

జవాబు (పర్లాకిమిడి): వాళ్లను నేరస్థులుగా చూడవద్దని నా మనవి. బాలల న్యాయ చట్టం, 2015లోని 78వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండనివారిచేత మత్తుపదార్థాలు మోయించేవారికే ఏడేళ్ల వరకు కఠిన శిక్ష పడవచ్చు. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. తప్పిన పదో తరగతి పరీక్షకు సాయంత్రాలు ఎవరైనా పాఠం చెబితే, అది వెంటనే మొదలుపెట్టదగిన పని.