పక్క లేన్‌లో వాడు రెచ్చగొడితే మీరేం చేస్తారు?

మణికొండ_వీ8 | శనివారం, తెల్లవారుజాము 2:50

నిద్ర పట్టక రాస్తున్నాను. తిట్టాలనుకున్నవాళ్లు తిట్టండి, కాకపోతే చివరిదాకా చదివి తిట్టండి.

ఎనిమిది నెలల కిందట సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ మస్టాంగ్ స్పోర్ట్స్ కారు తీసుకున్నాను, 5 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. ఇన్నాళ్లూ బుద్ధిగానే నడిపాను. ఈ రాత్రి బావగారిని శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కించి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద నార్సింగి వైపు వస్తున్నాను. రోడ్డు ఖాళీ. వెనక నుంచి ఒక తెల్ల సెడాన్ వచ్చి పక్కన చేరింది. నడిపేవాడు అద్దం దించి నవ్వాడు. రెండుసార్లు ముందుకు దూకి మళ్లీ నా పక్కకే వచ్చాడు. వాడి పక్క సీటువాడి చేతిలో ఫోన్ వెలుగుతోంది.

నాకు 41 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. అయినా కాలు తొక్కేసింది.

మీటర్ 190 దాకా చూశాను, ఆ తర్వాత చూడలేదు. వాడు వెనకపడ్డాడు. ఆ సంబరం నాలుగు సెకన్లు కూడా లేదు. ముందు చీకట్లో ఇంకా నల్లగా ఏదో కనిపించింది. టెయిల్ ల్యాంపుల్లేని లారీ, రెండో లేన్‌లో మెల్లగా పోతోంది. బ్రేక్ మీద నిలబడ్డాను. పెడల్ కాలికింద గడగడలాడింది. టార్పాలిన్‌కు కట్టిన నైలాన్ తాడు ముడి కనిపించేంత దగ్గరికి వెళ్లాక గానీ నా స్పీడూ లారీ స్పీడూ ఒకటి కాలేదు. వెనక సీట్లో చిన్నోడి స్కూల్ వాటర్ బాటిల్ ఎగిరొచ్చి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. మూత ఊడి నీళ్లన్నీ కార్పెట్ మీద.

తెల్ల కారువాడు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. వాడి దృష్టిలో వాడే గెలిచాడు.

మీకెవరికైనా ఇలా జరిగిందా? జరిగితే తర్వాత ఏం మార్చుకున్నారు?

కూకట్‌పల్లి_కుర్రోడు | 3:05

బతికావు అన్నా. ముందు పడుకో, పొద్దున తిడతాం.

లెక్కల_మాస్టారు | శనివారం, ఉదయం 6:20

తిట్టను గానీ ఒక లెక్క చెబుతాను. గంటకు 190 అంటే సెకనుకు దాదాపు 53 మీటర్లు. లారీ కనిపించి కాలు బ్రేక్ మీదికి వెళ్లేలోపే ఒక సెకను గడుస్తుంది, అంటే 53 మీటర్లు పోయినట్టే. మంచి టైర్లున్న స్పోర్ట్స్ కారు వంద మీద నుంచి ఆగడానికి 38 మీటర్లు పడుతుందనుకోండి. 190 మీద నుంచి రెట్టింపు కాదు, దాదాపు మూడున్నర రెట్లు, అంటే 137. మొత్తం 190 మీటర్లు. డిప్ లైటు సరిగ్గా చూపించేది 50, 60 మీటర్లు. అంటే మీరు మీ లైటుకంటే ముందు పరుగెడుతున్నారు. లారీ ఆగి ఉండి ఉంటే ఈ పోస్టు రాసేవారు కాదు. అది కదులుతూ ఉండబట్టి మీకు నాలుగడుగులు మిగిలాయి.

స్పీడ్_థ్రిల్స్_హైద్ | 9:45

ఎందుకంత సీను? రాత్రి రెండింటికి రోడ్డు మీద ఎవడుంటాడు? ఓఆర్ఆర్ మీద ప్రభుత్వమే 2023లో లిమిట్ 100 నుంచి 120కి పెంచింది. జర్మనీలో ఆటోబాన్ హైవే మీద 250లో పోతారు, వాళ్లేమీ చచ్చిపోవట్లేదు. తప్పు లారీవాడిది, లైట్లు లేకుండా ఫాస్ట్ లేన్‌లో వాడికేం పని? అన్నీ ఇలా భయపడుతూ ఉంటే వీ8 ఎందుకు, ఆల్టో కొనుక్కోవాల్సింది.

ఎర్ర_రోడ్‌స్టర్ | 10:30

లారీవాడిది తప్పే, కాదన్నది ఎవరు? తప్పు వాడిదని తేలితే అన్న పుర్రె అతుక్కుంటుందా?

నా సంగతి చెబుతాను. ఎర్ర టూ సీటర్, పైగా నడిపేది ఆడమనిషి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, రోజుకొకడు రైజ్ చేస్తాడు. స్కూటీ మీద వచ్చి రెచ్చగొట్టినవాళ్లూ ఉన్నారు, నిజంగా. మొదటి ఏడాది రెండుసార్లు నేనూ ఆ వలలో పడ్డాను. తర్వాత ఒక విషయం అర్థమైంది. వాడికి కావాల్సింది పోటీ కాదు, పదిహేను సెకన్ల వీడియో. గమనించండి, ఎప్పుడూ పక్క సీటువాడి చేతిలో ఫోన్ ఉంటుంది. మీ పోస్టులోనూ ఉంది.

ఇప్పుడు సిటీలో ఎగ్జాస్ట్ వాల్వ్ మూసే బటన్ నొక్కే బయల్దేరతాను. శబ్దం విని వచ్చేవాళ్లు సగం తగ్గారు. అయినా ఎవడైనా తగులుకుంటే ఎడమ ఇండికేటర్ వేసి పక్కనున్న పెట్రోల్ బంకులోకి దూరిపోతాను. గాలి చెక్ చేయించుకుంటాను. ఈ దెబ్బకి ఊళ్లో ఎవరి టైర్లలోనూ లేనంత కరెక్టుగా నా టైర్లలో గాలి ఉంటుంది.

భీమిలి_బాబాయ్ | 11:50

ఎవడుంటాడు అని అడిగిన తమ్ముడికి. పాతికేళ్ల కిందట మేమూ అదే మాట అనుకునేవాళ్లం. విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు, తెల్లారకముందు నాలుగున్నర. అప్పుడు స్పోర్ట్స్ కార్లెక్కడివి, ఇంజిన్ మార్పించిన మారుతి ఎస్టీమ్‌లు. ఒకరోజు మలుపు తిరిగితే రోడ్డుకు అడ్డంగా నలుగురు ఆడవాళ్లు, నెత్తిమీద చేపల తట్టలు. ఆటో కోసం అవతలికి దాటుతున్నారు. మావాడు బండిని ఇసుకలోకి తిప్పేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక తట్ట మాత్రం కింద పడింది. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కూర్చుని ఒక్కొక్క చేపా ఏరి, ఇసుక దులిపి మళ్లీ తట్టలో వేసుకుంది. మేం ముగ్గురం నిలబడి చూస్తున్నాం, సాయం చేయాలని కూడా తోచలేదు. ఆ రోజు నుంచి ఖాళీ రోడ్డు అనే మాట నేను వాడను.

మీ ఊళ్లోనే 2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ సంగతి మర్చిపోయారా? ప్రారంభించి నెల కూడా కాలేదు. లిమిట్ 40 ఉన్న వంపులో కారు వందకు పైగా వేగంతో పోయిందని పోలీసులు చెప్పారు. కింద పడింది. చనిపోయింది కారులో మనిషి కాదు, కింద రోడ్డు పక్కన ఉన్న ఒక మహిళ.

నల్లకోటు | మధ్యాహ్నం 1:15

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189. మొదటిసారి మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ. రెండోసారి ఏడాది దాకా, లేదా 10,000. నవ్వొస్తుంది కదా, మస్టాంగ్ ట్యాంకు నింపితే ఆ 5,000 కంటే ఎక్కువే అవుతుంది. కాబట్టి 189 చూసి ఎవరూ భయపడరు. భయపడాల్సింది ఎవరైనా పోతే పెట్టే సెక్షన్లకు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా. 2024 మేలో పుణె పోర్షే కేసులో చూశాం, అప్పటి ఐపీసీలో హత్య కాని ప్రాణహరణం సెక్షనే పెట్టారు. జనానికి మాత్రం ఆ మైనర్‌కు బెయిల్ షరతుగా రాయమన్న మూడు వందల పదాల వ్యాసమే గుర్తుండిపోయింది.

మైనర్‌కు తాళాలిచ్చిన తండ్రులకు 199ఎ ఉంది. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు.

ఇన్సూరెన్స్ పాలసీ తీసి వాడకం పరిమితులు రాసిన చోట చదవండి. వ్యవస్థీకృత రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించదని ఉంటుంది. ఆ తెల్ల కారువాడి వీడియో ఏ గ్రూపులో ఉందో మీకు తెలీదు. రేపు క్లెయిమ్ టైంలో అది బయటికొస్తే ఎవరు సమాధానం చెబుతారు?

స్టుట్‌గార్ట్_సూరిబాబు | 3:40

ఆటోబాన్ అన్నారు కాబట్టి వచ్చాను. ఇక్కడ జర్మనీలో పదకొండేళ్లుగా నడుపుతున్నా. లిమిట్ లేని చోట కూడా 130 సిఫార్సు వేగం. అంతకు మించి పోతుంటే ప్రమాదం జరిగిందనుకోండి, తప్పు అవతలివాడిదైనా నష్టపరిహారంలో కొంత వాటా మన మీద పడొచ్చు. అదీగాక ఇక్కడ ఎడమ లేన్‌లో (ఇక్కడ అదే ఫాస్ట్ లేన్) లైట్లు లేని లారీ ఉండదు. కుడి వైపు నుంచి దాటడానికి ఎవరూ సాహసించరు. ఆ క్రమశిక్షణ లేకుండా 250 ఒక్కటి తెచ్చుకుంటామంటే ఎలా?

ఇంకో సంగతి. ఇక్కడ రోడ్డు మీద పందెం 2017 నుంచి నేరం. ఎవరితోనూ పోటీ పడకుండా ఒక్కడివే, బండి ఎంత పోతుందో చూద్దామని నిర్లక్ష్యంగా తొక్కినా అదే సెక్షన్. కారు జప్తు చేయొచ్చు. దీనికంతటికీ ముందు 2016 ఫిబ్రవరిలో బెర్లిన్ నడిబొడ్డున కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్ మీద ఇద్దరు పందెం వేసుకుని సిగ్నళ్లు దాటుకుంటూ పోయారు. పచ్చ లైటు చూసుకుని వస్తున్న ఒక పెద్దాయన జీపును గుద్దేశారు, ఆయన చనిపోయాడు. గుద్దినవాడికి పడింది హత్యానేరం కింద యావజ్జీవం. 2020లో పై కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. మా ఆఫీసులో కార్ల పిచ్చోళ్లందరూ ఆ కేసు గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు.

స్పీడ్_థ్రిల్స్_హైద్ | 4:10

సరే, ఆటోబాన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ లక్షలు పోసి కొన్న కారును ఎక్కడ తొక్కాలి? మన దగ్గర ట్రాక్ ఏదీ?

అత్తాపూర్_మిస్త్రీ | 6:00

నేను గీ కార్లే బాగు చేస్తా. ఆదివారం పొద్దుగాల ఫ్లాట్‌బెడ్ మీద వచ్చేటియి ఎన్నో చూసిన. ఓనర్లకు చెప్పేది ఒక్కటే. ఇంజన్ గురించి గంట సేపు మాట్లాడతరు, టైరు మాత్రం ఎవ్వరు చూడరు. టైరు పక్కన నాలుగు అంకెలుంటయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. షెడ్‌ల నిలబెట్టిన కారుకు టైరు గుండీ (పైన ఉండే గాళ్లు) అరగదు, కొత్తగనే కొడతది, కానీ రబ్బరు గట్టిపడి ప్లాస్టిక్ లెక్కయితది. మణికొండ అన్నా, రేపు పొద్దున టార్చ్ లైట్ పట్టుకొని నీ కారు వెనక టైరు చూడు. నంబర్ ఇక్కడ పెట్టు.

మణికొండ_వీ8 | ఆదివారం, ఉదయం 7:35

చూశాను. 3617. నాలుగూ అంతే. కంపెనీ నుంచి వచ్చినప్పటి టైర్లే అన్నమాట. అమ్మినవాడు కొత్తగా ఉన్నాయన్నాడు, నేనూ గుండీ చూసి నమ్మాను. వీటి మీద 190 పోయాను.

అత్తాపూర్_మిస్త్రీ | 7:50

బండి బయటికి తియ్యకు అన్నా. టైర్లు వచ్చేదాక క్యాబ్‌ల తిరుగు.

ట్రాక్_పిచ్చోడు | 10:15

ట్రాక్ ఏదీ అని అడిగిన బ్రదర్‌కు. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, 3.7 కి.మీ., 12 మలుపులు. హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరితే రాత్రికి చెన్నైలో ఉంటారు. కోయంబత్తూరులో కారి స్పీడ్‌వే ఉంది. డబ్బుంటే నోయిడా వైపు బుద్ధ్ సర్క్యూట్, 5 కి.మీ. పైనే. మన ఊళ్లోనే 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ జరిగింది కదా, హుస్సేన్ సాగర్ ఒడ్డున. 2.8 కి.మీ. రోడ్డుకు రెండు వైపులా కాంక్రీటు గోడలూ వాటి మీద ఇనుప కంచే కట్టాకే వాళ్లు తొక్కారు. వాళ్లందరూ పుట్టినప్పటి నుంచి అదే పని చేస్తున్నవాళ్లు.

నేను మొదటిసారి చెన్నై వెళ్లినప్పుడు నా కారు 374 హార్స్‌పవర్, నా పొగరు అంతకంటే ఎక్కువ. రెండో ల్యాప్‌లోనే ఒక పాత చిన్న కారు, పోలో, మలుపు లోపలి నుంచి దూరి నన్ను దాటేసింది. స్ట్రెయిట్‌లో నేను పట్టుకుంటాను, మలుపు రాగానే వాడు మాయం. దిగి చూస్తే కాలేజీ కుర్రాడు. ఐదో ల్యాప్‌లో బ్రేక్ పెడల్ స్పాంజిలా లోపలికి పోయింది. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలని మాన్యువల్‌లో ఎందుకు రాస్తారో అప్పుడు తెలిసింది. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, వేడెక్కితే మరుగుతుంది. రోడ్డు మీద ఇదే జరిగి ఉంటే? అక్కడ రన్ ఆఫ్ (ట్రాక్ పక్కన వదిలిన ఖాళీ జాగా) ఉంది కాబట్టి గులకరాళ్లలోకి వెళ్లి ఆగాను.

వెళ్లేవాళ్లు కొత్త బ్రేక్ ఆయిల్ పోయించండి, ప్యాడ్లు చూసుకోండి, హెల్మెట్, బండిని లాగడానికి టో హుక్ పెట్టుకోండి. నల్లకోటు గారు చెప్పినట్టు ఇన్సూరెన్స్ అక్కడ కూడా వర్తించదు, కారు గీసుకుంటే ఖర్చు మనదే. ఇంకోటి, ట్రాక్ మీదికి పంపేముందు కారు లోపల వదులుగా ఏ వస్తువూ ఉంచనివ్వరు. వాటర్ బాటిల్ అయితే మొదట తీసేస్తారు.

స్పీడ్_థ్రిల్స్_హైద్ | 10:40

కాలేజీ పిల్లాడు పోలోతో దాటడం నాకైతే జరగదు. ఎప్పుడు వెళ్తున్నారో చెప్పండి, నేనూ వస్తా.

ఎర్ర_రోడ్‌స్టర్ | 10:44

రా తమ్ముడూ. వీడియో నేను తీస్తా.

మణికొండ_వీ8 | రాత్రి 9:20

టైర్లు ఆర్డర్ పెట్టాను, పది రోజులంట. అప్పటిదాకా మా ఆవిడ స్కూటీయే గతి. జరిగింది తనకు మధ్యాహ్నం చెప్పాను. ఏమీ అనలేదు. సాయంత్రం కిందికి దిగి చూస్తే, కార్పెట్ తీసి పార్కింగ్‌లో గోడమీద ఆరేసి ఉంది. బాటిల్ మూత కోసం సీట్ల కింద అంతా వెతికాను, దొరకలేదు. చిన్నోడు అడుగుతున్నాడు, సోమవారం స్కూలుంది.