ట్రెయిలర్ తగిలిస్తే 8.5 ఎంపీజీ: నా బండిలో ఏమైనా తేడా ఉందా, అందరికీ ఇంతేనా?

ఫ్రిస్కో_బాబు

నమస్తే అండీ. కొత్తగా క్యాంపింగ్ ట్రెయిలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొన్నాం. మొదటి ట్రిప్పు డాలస్ వైపు నుంచి పాలో డ్యూరో కాన్యన్. నిన్న చీకటి పడ్డాక చేరాం, ఇక్కడ క్యాంప్‌గ్రౌండ్‌లో కూర్చునే రాస్తున్నా.

ట్రక్కు ఫోర్డ్ ఎఫ్-150 పికప్, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజను, 23 గ్యాలన్ల ట్యాంకు. ట్రెయిలర్ 26 అడుగులు. సామానంతా వేశాక తూకం వేయిస్తే 6,240 పౌండ్లు. ఖాళీగా హైవే మీద 21 ఎంపీజీ, అంటే గ్యాలన్‌కి 21 మైళ్లు ఇచ్చే బండి ఇది. తగ్గుతుందని తెలుసు కానీ మరీ ఇంతలా అనుకోలేదు.

ఇంటి దగ్గర ఫుల్ చేసి బయల్దేరా. విచిటా ఫాల్స్‌లో 131 మైళ్లకి 14.6 గ్యాలన్లు పట్టింది. అక్కణ్నుంచి చిల్డ్రెస్ దాకా 107 మైళ్లకి 13.4. రెండూ కలిపితే 8.5 ఎంపీజీ. డ్యాష్‌బోర్డు మాత్రం 9.3 అంటోంది. 287 హైవే మీద గంటకి 72 నుంచి 75 మైళ్ల మధ్యలో వెళ్లా, అందరూ అలాగే పోతున్నారు కదా అని. దారంతా ఎదురుగాలి.

ట్రెయిలర్ అమ్మినతను 12 గ్యారంటీ సార్ అన్నాడు. మా ఆవిడేమో ట్యాంకుకి చిల్లు పడిందేమో వంగి చూడమంటోంది. మీకెంత వస్తోందో చెప్పండి. బండి పేరు, ట్రెయిలర్ సైజు, స్పీడు కూడా రాస్తే పోల్చుకుంటా.

ఆటోనగర్_కుర్రాడు

చిల్లూ లేదు, ఏమీ లేదు బ్రో. నాది షెవీ సిల్వరాడో పికప్, 5.3 ఇంజను, ట్రెయిలర్ 24 అడుగులు, 70 మైళ్ల స్పీడులో 8.8. నాలుగేళ్లుగా డైరీలో రాస్తున్నా, 8కి కిందా 10.5కి పైనా ఎప్పుడూ పోలేదు.

మాకు బెజవాడ ఆటోనగర్‌లో రెండు లారీలుండేవి. నాన్నకి అమెరికాలో నేను ఏం కొన్నా ఒకటే ప్రశ్న, "ఎంతిస్తోందిరా?" ట్రెయిలర్‌తో మైలేజీని కిలోమీటర్లలోకి మార్చి చెప్పా. 8.5 అంటే లీటరుకి మూడు కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు. కాసేపు మాట్లాడలేదు. "మన పది టైర్ల లారీ లోడుతో అంత ఇచ్చేది కదరా, నువ్వు లోడేం వేశావ్?" అన్నాడు. ఏం చెప్పను, మంచం, ఫ్రిజ్జు, బాత్‌రూమ్ అని చెప్పా.

లెక్కల_మాస్టారు

బాబు గారూ, మీ బండి బాగానే ఉంది. అంకెలు పెట్టి అడిగారు కాబట్టి అంకెలతోనే చెబుతా.

హైవే స్పీడులో మీ గ్యాస్ (పెట్రోలు) ఎక్కువగా తాగేది ట్రెయిలర్ బరువు కాదు, దాని మొహం. ఎనిమిది అడుగుల వెడల్పు, నేల నుంచి దాదాపు పదకొండు అడుగుల ఎత్తు ఉన్న గోడని గాలిలోకి తోసుకుంటూ వెళ్తున్నారు. గాలి అడ్డుకునే బలం స్పీడుకి వర్గంగా పెరుగుతుంది. 63 నుంచి 75కి వెళ్తే స్పీడు పెరిగేది 19 శాతమే, గాలి బలం మాత్రం 40 శాతం పైనే పెరుగుతుంది. పైగా ఎదురుగాలి అన్నారు. 75లో వెళ్తున్నప్పుడు ఎదురుగా 15 మైళ్ల గాలి ఉంటే, ట్రెయిలర్ మొహానికి తెలిసేది 90.

మీరు చెప్పనిది ఇంకొకటుంది. మీ ఊరు సముద్రమట్టానికి 700 అడుగుల ఎత్తు. కాన్యన్ పక్కనున్న అమరిల్లో ఊరు 3,600. కంటికి చదునుగా కనిపించినా దారంతా ఎక్కుడే. ట్రక్కూ ట్రెయిలరూ కలిపి 12,000 పౌండ్లు అనుకుంటే, అంత బరువుని అంత ఎత్తుకి చేర్చడానికి గ్యాలనుంపావు దాకా ఖర్చవుతుంది. మొత్తం 350 మైళ్ల మీద చూస్తే అది పెద్ద వాటా ఏం కాదు. బరువు వాటా అది, టైర్ల రాపిడి ఇంకాస్త. మిగతాదంతా గాలి.

నమ్మకం కలగకపోతే ఇప్పుడే బయటికెళ్లి ట్రెయిలర్ ముందు భాగం చూడండి. పురుగులు ఎక్కడ అంటుకున్నాయి? ట్రక్కు వెనక దాక్కున్న కింది సగం శుభ్రంగా ఉంటుంది. క్యాబ్ పైకప్పు కంటే ఎత్తులో ఉన్న భాగమంతా మచ్చలే. గ్యాస్ తాగుతున్నది ఆ మచ్చల భాగమే.

ఫ్రిస్కో_బాబు

మాస్టారూ, టార్చి పట్టుకుని వెళ్లి చూశా. గీత గీసినట్టుంది! కింద తెల్లగా, పైన పాత బియ్యంలో పురుగుల్లా. సరే, అయితే బరువు తగ్గిస్తే లాభం లేదంటారా? మా ఆవిడ గ్రైండరు, ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా, ఆవకాయ జాడీ తెచ్చిందని దారంతా సణిగాను.

లెక్కల_మాస్టారు

క్షమాపణ చెప్పేసుకోండి. ఆవకాయ అమాయకురాలు.

తుల్సా_తమ్ముడు

మాస్టారు చెప్పింది నేను నా బండితోనే చూశాను. నాదీ 3.5 ఎకోబూస్టే. పోయిన వేసవిలో ఫ్రెండ్ వాళ్ల పొలానికి ఫ్లాట్‌బెడ్ మీద చిన్న ట్రాక్టర్ తీసుకెళ్లా. ఫ్లాట్‌బెడ్, ట్రాక్టరు కలిసి 6,500 పౌండ్ల పైమాటే. తుల్సా నుంచి ఓక్లహోమా సిటీ దాకా 68లో 12.6 వచ్చింది. అదే రోడ్డు మీద 5,400 పౌండ్ల ట్రెయిలర్‌తో నాకెప్పుడూ 9.2 దాటలేదు. వెయ్యి పౌండ్లు తక్కువ బరువు, మూడు మైళ్లు తక్కువ మైలేజీ. ట్రాక్టర్ పొట్టిది, క్యాబ్ వెనక దాక్కుంది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త అన్నా. మైలేజీకి బరువుతో పెద్దగా పని లేకపోయినా బండికి ఉంది. డ్రైవర్ తలుపు పక్కన పసుపు స్టిక్కర్ మీద పేలోడ్ (ట్రక్కు మోయగల బరువు) అంకె ఉంటుంది, అది చూశావా? 6,240లో 12 శాతం, అంటే 750 పౌండ్లు హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీదే పడుతుంది. దానికి మీ నలుగురూ, ట్రక్కు బెడ్‌లో వేసిన సామానూ కలపాలి. ఆ లెక్కలో ఆవకాయ కూడా వస్తుంది.

హ్యూస్టన్_హైవే

డీజిల్ వాడిని ఒకణ్ని మాట్లాడనివ్వండి. ర్యామ్ 2500 పికప్, కమిన్స్ డీజిల్ ఇంజను. ట్రెయిలర్ 31 అడుగులు, 8,700 పౌండ్లు. 65లో 12, 72లో 10.5. ఎక్కుళ్లలో టెన్షన్ లేకుండా లాగుతుంది, ఎగ్జాస్ట్ బ్రేకు ఉండటంతో దిగుళ్లలో కాలు బ్రేకు మీద పెట్టే పని తక్కువ.

కానీ డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి. నేను అదే అనుకుని కొన్నా. మా దగ్గర గ్యాస్ 3 డాలర్లున్నప్పుడు డీజిల్ 3.70. గ్యాస్ ట్రక్కు 9 ఇస్తే మైలుకి 33 సెంట్లు, నాది 12 ఇస్తే మైలుకి 31 సెంట్లు. రెండు సెంట్ల చిల్లర తేడా! డీజిల్ ఇంజనుకి నేను అదనంగా కట్టింది దాదాపు పదివేలు. అది తిరిగి రావాలంటే నాలుగు లక్షల మైళ్లు ట్రెయిలర్ లాగాలి. పైన పొగ శుభ్రం చేయడానికి పోసే డెఫ్ ద్రవం, ఫిల్టర్లు, ఒక్కసారికి మూడు గ్యాలన్ల ఇంజను ఆయిలు వేరే. బరువైన ట్రెయిలర్‌కి డీజిల్ కావాలి, నిజమే. 6,000 పౌండ్లకి అక్కర్లేదు.

శాక్రమెంటో_అక్క

నేను చెబితే మగాళ్లు నమ్మరు గానీ, మా ఎఫ్-150 నాకు 11.4 ఇస్తుంది, మావారికి 9.6 ఇస్తుంది. బండి అదే, ట్రెయిలర్ అదే, 22 అడుగులు. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగే బండికి లిమిట్ 55. నేను 57లో కుడి లేన్‌లో లారీల వెనక పోతా. ఆయన "ఎవరూ పాటించరు" అని 68కి ఎక్కిస్తారు. ఐ-5 మీద గ్రేప్‌వైన్ ఎక్కుడులో ఇద్దరికీ 5 చూపిస్తుంది, అక్కడ ఎవరి తెలివీ పనిచేయదు.

లారీల వెనక అన్నాను కదా అని ఎవరూ దగ్గరగా అంటుకుని పోకండి. ట్రెయిలర్ తగిలించిన బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది.

ఫ్రిస్కో_బాబు

అక్కా, మా దగ్గర 75 లిమిట్ రోడ్డు మీద 57లో పోతే వెనక నుంచి వచ్చే పికప్పులు హారన్ కొట్టి చంపుతారు.

శాక్రమెంటో_అక్క

62 పెట్టు తమ్ముడూ. హారన్‌కి మైలేజీ తగ్గదు.

డెన్వర్_దొర

కొండల సంగతి నేను చెబుతా. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ ఎత్తు 11,158 అడుగులు. డెన్వర్ వైపు నుంచి ఎక్కేటప్పుడు నా మీటరు 4.2కి పడిపోయింది, మా అబ్బాయి స్క్రీన్‌షాట్ తీసి కజిన్స్‌కి పంపాడు. అవతల సిల్వర్‌థార్న్ దిగేటప్పుడు అదే మీటరు 30 చూపించింది. రెండూ అబద్ధాలే. గ్రాండ్ జంక్షన్‌లో నింపి చూస్తే 9.1, టెక్సస్‌లో వచ్చేదే.

ఎత్తులో గాలి పల్చన కాబట్టి టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తి తోసే పరికరం) లేని ఇంజను వెయ్యి అడుగులకి సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. టన్నెల్ దగ్గరికి వచ్చేసరికి మూడో వంతు పోయినట్టే. నా పాత 5.7 హెమీ అక్కడ 4,500 ఆర్‌పీఎంలో అరుస్తూ ఎక్కేది. టర్బో ఉన్నవాళ్లకి ఆ బాధ తక్కువ. ఇక్కడి బంకుల్లో రెగ్యులర్ అంటే 85 ఆక్టేన్ ఉంటుంది. చౌకగా ఉందని ట్రెయిలర్‌తో ఉన్నప్పుడు అది కొట్టించకండి, కనీసం 87.

సియాటిల్_సోలో

ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నా. కరెంటుతో నడిచే ఎఫ్-150 లైట్నింగ్, పెద్ద బ్యాటరీ, 131 కిలోవాట్ అవర్లు. 23 అడుగుల ట్రెయిలర్‌తో ఒక్కో యూనిట్‌కి మైలుకి కాస్త పైన వస్తుంది. 80 శాతం నుంచి 10 దాకా వాడితే వంద మైళ్లు. చార్జర్ దగ్గర చాలాచోట్ల ట్రెయిలర్ విప్పి పక్కన పెట్టాలి, వానలో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఒక రాత్రి దూరంలో ఉన్న పార్కులకి భేష్. పెద్ద ట్రిప్పులకి మా బావ పవర్‌బూస్ట్ హైబ్రిడ్ అరువు అడుగుతా. దానికీ ట్రెయిలర్‌తో వచ్చేది పదే, కానీ ట్యాంకు 30.6 గ్యాలన్లు, పైగా క్యాంపులో ట్రక్కు నుంచే ఏసీకి కరెంటు.

ఆటోనగర్_కుర్రాడు

ట్యాంకు మాట వచ్చింది కాబట్టి... నన్నడిగితే ఎంపీజీ కంటే అసలు తలనొప్పి అదే. 23 గ్యాలన్లు, 8 ఎంపీజీ అంటే కాగితం మీద 184 మైళ్లు. ఎవడూ ఆఖరి చుక్క దాకా పోడు, 140 దగ్గరే బంకు వెతుక్కోవాలి. ట్రక్కూ ట్రెయిలరూ కలిసి 45 అడుగుల పొడవు. ఏ బంకు దొరికితే ఆ బంకులో దూరితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక చిన్న ఊళ్లో పంపు పక్కనున్న పసుపు ఇనుప స్తంభం నా ట్రెయిలర్ పక్క రేకుని రెండడుగులు చీల్చింది. మలుపు కాస్త ముందు తిప్పాను, అంతే. 1,900 డాలర్లు. ఆ డబ్బుతో ఎన్ని గ్యాలన్లు వచ్చేవో లెక్క వేయొద్దని మా ఆవిడ ఆర్డరు.

అప్పట్నుంచీ ముందు రోజు రాత్రే మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టి, లోపలికెళ్లి నేరుగా బయటికొచ్చే బంకులు చూసి పెట్టుకుంటున్నా. బకీస్ లాంటి పెద్దవి ఉన్నచోట సమస్య లేదు. కొత్త ట్రక్కు కొనేవాళ్లు తోలు సీట్ల సంగతి తర్వాత, 36 గ్యాలన్ల ట్యాంకు దొరుకుతుందేమో ముందు అడగండి.

ఫ్రిస్కో_బాబు

తిరుగు ప్రయాణం అయ్యింది. అక్క చెప్పినట్టు క్రూజ్ 62లో పెట్టి, టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లని సర్దేది) వేసి, కుడి లేన్ వదల్లేదు. గాలి ఈసారి పక్క నుంచి, అంత గట్టిగా లేదు. అన్నిచోట్లా పంపు మొదటి క్లిక్ దగ్గరే ఆపా.

కాన్యన్ నుంచి చిల్డ్రెస్ 112 మైళ్లు, 10.4 గ్యాలన్లు. విచిటా ఫాల్స్ దాకా 107కి 10.3. ఇంటికి 131కి 12.8. మొత్తం 350 మైళ్లు, 33.5 గ్యాలన్లు, 10.4 ఎంపీజీ. వెళ్లేటప్పుడు చివరి ముక్క కూడా కలిపితే ఇదే దూరానికి 41.6 పట్టింది, అంటే 8.4.

ఎనిమిది గ్యాలన్లు, పాతిక డాలర్లు మిగిలాయి. గంట ఆలస్యం. దారిలో పిల్లలు "ఇంకా ఎంతసేపు" అని అడిగిన లెక్క రాయలేదు.

లెక్కల_మాస్టారు

బాగా రాశారు. కానీ మొత్తం స్పీడు గొప్పే అనుకోకండి, వచ్చేటప్పుడు 2,900 అడుగులు దిగారు, ఎదురుగాలీ లేదు. ఎక్కుడూ దిగుడూ తీసేస్తే నా అంచనా 8.7, 10.1. ఆ 1.4 తేడాని స్పీడూ గాలీ పంచుకున్నాయి. ఎవరి వాటా ఎంతో తేలాలంటే గాలి లేని రోజున ఒకే రోడ్డు మీద వెళ్లి రావాలి.

తుల్సా_తమ్ముడు

అన్నా, ఇంతకీ ట్రెయిలర్ టైర్ల పక్కన స్పీడు రేటింగ్ చూశావా? ట్రెయిలర్ల కోసం చేసే ఎస్‌టీ టైర్లలో కొన్నిటికి 65 మైళ్లే లిమిట్. వెళ్లేటప్పుడు 75లో పోయావు.

ఫ్రిస్కో_బాబు

ఇప్పుడే గరాజ్‌లోకి వెళ్లి చూసొచ్చా. 65 అనే ఉంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.