మొటిమలు తగ్గకముందే గుంటలకు లేజర్ చేయించవచ్చా?

ప్రశ్న: మిర్యాలగూడ నుంచి ఒక తల్లి

నమస్కారం. మా పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తొమ్మిదో తరగతి నుంచే మొటిమలు ఉన్నాయి కానీ, ఈ ఏడాది బుగ్గల మీద, దవడల పొడవునా నొప్పి పెట్టే పెద్ద గడ్డల్లాంటివి లేస్తున్నాయి. తగ్గిన చోటల్లా నల్లమచ్చ మిగులుతోంది, కొన్ని చోట్ల గుంట కూడా పడింది. మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీమ్ ఇచ్చారు. వారం తిరక్కముందే ముఖం నున్నగా, తెల్లగా అయింది. ఆపగానే మంట, ఎర్రదనం, మునుపటికన్నా ఎక్కువ మొటిమలు. మా అత్తగారు ఒంట్లో వేడి అని మామిడిపళ్లు మాన్పించారు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లనని ఇరుగుపొరుగు అంటున్నారు. పరీక్షలు కాగానే హైదరాబాద్ తీసుకెళ్లి లేజర్ చేయించమని బంధువులు చెబుతున్నారు. ఏది ముందు చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టు, జడ్చర్ల

అమ్మా, ముందుగా ఆ ట్యూబు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. చాలా క్రీముల్లో దానితోపాటు చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పైపొరను రాల్చే ట్రెటినోయిన్ కూడా కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వాపును అణచి, రక్తనాళాలను కుదించడం వల్ల ముఖం తెల్లబడి నున్నగా కనిపిస్తుంది. కొన్నాళ్లు వాడితే చర్మం పలచబడి, సన్నని ఎర్రటి నరాలు తేలి, ఆ మందే కొత్త మొటిమలను పుట్టిస్తుంది. ఆపగానే మంట పుట్టడం కూడా దాని లక్షణమే. ఆ మంటకు భయపడి మళ్లీ అదే రాయడం మొదలుపెట్టిన ఆడపిల్లలను మా దుకాణంలో తరచుగా చూస్తుంటాను, చాలా బాధ కలుగుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలను కఠినం చేసింది. ఆ ట్యూబును పారేయకుండా డాక్టరుకు చూపించండి. ఎంతకాలం వాడిందన్నదాన్ని బట్టి ఎలా మానాలో వారే చెబుతారు.

జవాబు: చర్మవైద్యురాలు, నల్లగొండ

పైన ఫార్మసిస్టు గారు చెప్పినది అక్షరాలా నిజం. మిగతా ప్రశ్నలకు వస్తాను.

యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేస్తాయి. వెంట్రుక కుదురు లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి, అక్కడ సహజంగానే ఉండే బ్యాక్టీరియా పెరిగి వాపు మొదలవుతుంది. ఆ వాపు లోతుకు దిగి కుదురు గోడ చర్మం లోపలే పగిలినప్పుడు, చుట్టూ ఉన్న కొలాజెన్ (చర్మానికి పటుత్వాన్నిచ్చే పీచు) దెబ్బతిని గుంట పడుతుంది. అందుచేత గుంటను నివారించే మందు ఏదైనా ఉందంటే అది వాపును త్వరగా తగ్గించే మందే. గడ్డలు లేస్తూ ఉండగా లేజర్ చేయిస్తే ఒకవైపు పూడుస్తుంటే మరోవైపు కొత్త గుంటలు పడుతూనే ఉంటాయి. మీ అమ్మాయికి ఇప్పుడు లేజర్ వద్దు.

నల్లమచ్చకూ గుంటకూ తేడాను మీరే ఇంట్లో చూడవచ్చు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా ముఖాన్ని తిప్పండి. చర్మంతో సమంగా ఉండి రంగు మాత్రమే మారినది మచ్చ. నీడ పడితే గుంట. ఆ గుంట చుట్టూ చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా సాగదీసినప్పుడు సమమైపోతే అది లోపల పీచులు లాగి పట్టుకున్న వెడల్పాటి గుంట. సాగదీసినా సూదితో గుచ్చినట్టు మిగిలితే లోతైన సన్నటి గుంట. రెండింటికీ చికిత్సలు వేరు. మన ఛాయ గల చర్మంలో రంగు మచ్చలు ఎక్కువగా పడతాయి, కానీ కొత్త మొటిమలు ఆగి, ఎండ తగలకుండా కాపాడుకుంటే నెలల వ్యవధిలో వాటంతట అవే పలచబడతాయి. మన ఎండల్లో ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను కాలేజీకి వెళ్లేముందు రాయడం చికిత్సలో భాగమే.

స్టెరాయిడ్ మంట చల్లారాక సాధారణంగా రాత్రిపూట రంధ్రాలు మూసుకుపోకుండా చూసే అడాపలీన్ జెల్, దానికి తోడు బ్యాక్టీరియాను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తాము. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత జెల్ చాలు. మొదట్లో రాత్రి విడిచి రాత్రి రాయాలి. తొలి వారాల్లో చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది, దానికి మాయిశ్చరైజర్ వాడాలి. గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది ఇరవై రోజులకే విసిగి మానేస్తారు. నా అనుభవంలో చికిత్స విఫలమయ్యే చోటు ఎక్కువగా అదే. పెద్ద గడ్డలకు కొన్ని నెలలపాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు అవసరం కావచ్చు. గుంటలు పడే తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బాగా పనిచేస్తుంది, కానీ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు కలిగిస్తుంది. కాబట్టి రక్త పరీక్షలు చేయించి, వాడుతున్నంత కాలమూ, ఆపిన తరువాత కనీసం ఒక నెల వరకూ గర్భం రాకుండా చూసుకోవలసిందే. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఆ మాత్ర ఇంట్లోకి రాకూడదు.

ఫ్లోరైడ్ మన జిల్లాలో పళ్లకూ ఎముకలకూ చేసిన హాని అందరికీ తెలుసు, కానీ సాధారణ మొటిమలకు అది కారణం కాదు. కఠిన జలంతో సబ్బు సరిగా పోక చర్మం పొడిబారుతుందంతే. మామిడిపండ్లు పూర్తిగా మాన్పించనక్కర లేదు. చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలూ తీపి పదార్థాలూ కొందరిలో మొటిమలను పెంచుతాయి కాబట్టి వాటిని తగ్గించండి.

అమ్మాయికి నెలసరి సక్రమంగా వస్తోందా? గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా?

ప్రశ్న అడిగిన తల్లి

నెలసరి రెండు, మూడు నెలలకోసారి వస్తోంది మేడమ్. చదువు ఒత్తిడి అనుకున్నాము. గడ్డం కింద కొద్దిగా వెంట్రుకలు ఉన్నాయి.

జవాబు: చర్మవైద్యురాలు, నల్లగొండ

అలాగైతే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయ సమస్య) ఉన్నదేమో పరీక్షించాలి. దవడల పొడవునా వచ్చే మొటిమలకు అది తరచుగా తోడుంటుంది. ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఆగకుండా ఈ వారమే నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి తీసుకురండి, అక్కడి నుంచి స్త్రీ వైద్య విభాగానికి కూడా పంపిస్తారు.

జవాబు: గుంటలకు చికిత్స చేయించుకున్న యువకుడు, దేవరకొండ

అక్కా, మొటిమలు పూర్తిగా అదుపులోకి వచ్చాకే నాకు గుంటల చికిత్స మొదలుపెట్టారు. వెడల్పాటి గుంటలకు మత్తు సూది ఇచ్చి, చర్మం కింద ఒక సూదిని అడ్డంగా కదిలించి పట్టుకున్న పీచులను తెంచారు. సూది కదులుతుంటే పీచు తెగే చప్పుడు చెవికి వినిపించింది. కొన్ని రోజులు కమిలి ఉండి తగ్గింది. సన్నటి గుంటల్లో మాత్రం పుల్లతో ఆమ్లం చుక్క అద్దారు. లేజర్ గురించి అడిగితే, మన రంగు చర్మంలో అది కొత్తగా నల్లమచ్చలు తేగలదు కాబట్టి జాగ్రత్తగా, తక్కువ శక్తితో చేయాలని, ఎండాకాలంలో వద్దని చెప్పారు. గుంటలు పూర్తిగా పోలేదు, కానీ అద్దంలో ముందు కనిపించేది ఇప్పుడు అవి కాదు. ఆన్‌లైన్‌లో దొరికే సూదుల రోలరు మాత్రం ఇంట్లో వాడనివ్వకండి, చీము పట్టిన మొటిమల మీద తిప్పితే ఇన్ఫెక్షన్ ముఖమంతా పాకుతుంది.

ఇంకొక మాట. అమ్మాయి స్కూటీ మీద వెళ్తూ ముఖానికి చున్నీ బిగించి కట్టుకుంటుంటే, ఆ చున్నీ రాపిడికీ చెమటకూ దవడల దగ్గర మొటిమలు పెరుగుతాయి. రోజూ ఉతికినది, పలచటి నూలుది కట్టుకోమనండి. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే బట్ట రంగు వెలిసిపోతుంది కాబట్టి చున్నీ, దిండు గలేబు తెల్లవి వాడటం మంచిది.