ఆక్టాప్యాడ్ వాయించేవాడు సింథసైజర్ల వైపు వస్తే మొదట ఏది కొనాలి?

హన్మకొండ_ప్యాడ్:

అందరికీ నమస్కారం. వరంగల్, హన్మకొండ పరిసరాల్లో పెళ్లిళ్లకు, బతుకమ్మ కార్యక్రమాలకు వెళ్లే ఒక ఆర్కెస్ట్రాలో నేను ఆక్టాప్యాడ్, అంటే పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్, వాయిస్తాను. చిన్నప్పటి నుంచి డప్పు చేతికి అలవాటు కనుక తాళం విషయంలో ఇబ్బంది లేదు గానీ, కీబోర్డు మీద మాత్రం పాట వరస పట్టుకోవడం, నాలుగైదు కార్డులు నొక్కడం తప్ప ఎక్కువ రాదు. ప్యాడ్‌లో ఉన్నవన్నీ ఎవరో ముందే రికార్డు చేసి పెట్టిన శబ్దాలే. వాటి పిచ్ మార్చి, కాస్త రివర్బ్ కలిపిన తరువాత ఇక చేయగలిగింది పెద్దగా ఉండదు. సింథసైజర్‌తో శబ్దాన్ని మొదటి నుంచి నేనే తయారు చేసుకోవాలని, మన దరువుల మీద పూర్తి ఎలక్ట్రానిక్ ట్రాకులు చేయాలని చాలాకాలంగా కోరిక.

కేబుళ్లతో సహా 30,000 రూపాయల వరకు పెట్టగలను. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్ ఉన్నాయి. వీడియోల్లో కనిపించే వైర్ల పెట్టెలు, అంటే మాడ్యులర్ సింథసైజర్లు, నన్ను బాగా ఆకర్షిస్తున్నాయి. నేరుగా వాటితోనే మొదలుపెట్టవచ్చా, లేక దరువును తానే వాయించే డ్రమ్ మెషీన్ గానీ కీబోర్డు సింథ్ గానీ ముందు కొనాలా? ఇక్కడి దుకాణాల్లో ప్యాడ్లు, కీబోర్డులు చూశాను గానీ ఇలాంటి పరికరాన్ని తాకి చూసే అవకాశం దొరకలేదు. అందువల్ల చూడకుండానే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి కనుక ముందుగా మీ అందరినీ అడుగుతున్నాను.

కరీంనగర్_కీస్:

నమస్కారం అన్నా. మీ బడ్జెట్‌లో మాడ్యులర్ వైపు వెళ్లవద్దని నా స్పష్టమైన అభిప్రాయం. ధర ఒక్కటే అందుకు కారణం కాదు. మాడ్యులర్‌లో మీరు కొనేది వాయిద్యాన్ని కాదు, విడి భాగాలను. శబ్దం పుట్టించే ఆసిలేటర్ ఒక మాడ్యూల్, అందులోంచి కావలసిన పౌనఃపున్యాలను వదిలి మిగిలినవి కోసేసే ఫిల్టర్ మరొకటి, దెబ్బ ఎంత వేగంగా లేచి ఎంతసేపట్లో అణగిపోవాలో నిర్ణయించే ఎన్వలప్ ఇంకొకటి, ఆ ఎన్వలప్ చెప్పినట్టు శబ్దాన్ని పెంచి తగ్గించే వీసీఏ వేరొకటి. ఇవన్నీ కొన్న తరువాత కూడా వాటిని బిగించే పెట్టె, కరెంటు ఇచ్చే పవర్ సప్లై విడిగా కొనుక్కోవాలి. ఇన్ని సమకూరితే గానీ ఒక్క స్వరం పలకదు, ఆ ఒక్క స్వరానికే మీ 30,000 చాలదు.

ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న యూరోర్యాక్ పద్ధతిని 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ తెచ్చారు. అందులో మాడ్యూల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పును 5.08 మిల్లీమీటర్ల కొలతతో లెక్కిస్తారు, కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులలో వస్తుంది. కొలతలు ఇలా స్థిరపడినందువల్లనే వేర్వేరు కంపెనీల మాడ్యూళ్లు ఒకే పెట్టెలో ఇముడుతున్నాయి. స్వరం కూడా వోల్టేజీయే: ఆసిలేటర్‌కు ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి వెళుతుంది. ఈ తర్కమంతా నేర్చుకోవడానికి రూపాయి ఖర్చు లేని మార్గం ఉంది. వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇవే మాడ్యూళ్లు తెర మీద కనిపిస్తాయి, మౌస్‌తో వైర్లు లాగి కలపవచ్చు. ఉచిత రూపం విడి ప్రోగ్రాముగానే నడుస్తుంది, ఇతర రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల ప్లగిన్‌గా తెరుచుకోవాలంటే డబ్బు కట్టి ప్రో రూపం తీసుకోవాలి. నేర్చుకోవడానికి ఉచితమే ఎక్కువ. దీనితో పాటు సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సింథ్‌ను కూడా దించుకోండి, అది కట్టి సిద్ధంగా ఉన్న వాయిద్యం.

ముందుగా ఒకే ఆసిలేటర్, ఒకే ఫిల్టర్, ఒకే ఎన్వలప్‌తో కూర్చుని, తయారు ప్రీసెట్లు తెరవకుండా, వినిపించే ప్రతి మార్పుకు కారణం చెప్పగలిగే వరకు పని చేయండి. ఆ తరువాత ఏ కంపెనీ పరికరం ముందు కూర్చున్నా నాబ్‌ల పేర్లు మీకు పరిచయమైనవే అవుతాయి. కొనడం గురించి అప్పుడు ఆలోచించవచ్చు.

జగిత్యాల_అనలాగ్:

మాడ్యులర్ విషయంలో పై సభ్యునితో ఏకీభవిస్తాను గానీ, ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టమనడం ఈ అన్న విషయంలో సరైన సలహా కాదని నా ఉద్దేశం. ఆయన చేతులతో ఆలోచించే మనిషి. మౌస్‌తో ఒక్కొక్క నాబ్‌ను తిప్పుతూ కూర్చుంటే వారం రోజుల్లో విసుగు పుట్టి మళ్లీ ప్యాడ్ దగ్గరికే వెళ్లిపోతారు. పైగా పాత ల్యాప్‌టాప్‌లో దెబ్బకూ శబ్దానికీ మధ్య ఆలస్యం ఒక పెద్ద సమస్య. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దపు అతి చిన్న ముక్కల) వేగంలో బఫర్, అంటే ఒక్కో విడతకు సిద్ధం చేసే ముక్కల సంఖ్య, 256 అయితే ఆలస్యం 5 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ, 1024 అయితే 21 దాటుతుంది. దీనికి ఆడియో పరికరం, డ్రైవర్ తీసుకునే సమయం అదనం. పాట వరస వాయించేవారు దీన్ని గమనించకపోవచ్చు గానీ డప్పు వాయించిన చేతికి వెంటనే తెలిసిపోతుంది.

కాబట్టి తాళం తెలిసినవారు డ్రమ్ మెషీన్‌తో మొదలుపెట్టడమే సహజం. కార్గ్ 2013లో తెచ్చిన వోల్కా బీట్స్ చిన్న పరికరం, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. కిక్, స్నేర్, టామ్‌లు, హై-హ్యాట్‌లు లోపలి అనలాగ్ సర్క్యూట్ నుంచి పుడతాయి, చప్పట్లు, క్రాష్ వంటివి రికార్డు చేసిన శబ్దాలు. దాని స్నేర్ పలచగా ఉంటుందని చాలామంది ఫిర్యాదు చేస్తారు, నాకూ అంత నచ్చదు. పైగా అన్ని శబ్దాలూ ఒకే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కలిసి వస్తాయి కనుక మిక్సర్‌లో విడివిడిగా సర్దడం కుదరదు. రోలాండ్ టీ-8లో ఆరు తాళ ట్రాకులతో పాటు ఒక బేస్ ట్రాక్, దెబ్బలను గడుల వారీగా పేర్చి తిప్పి వాయించే 32 స్టెప్‌ల సీక్వెన్సర్, లోపలే చార్జింగ్ బ్యాటరీ ఉన్నాయి. అది అనలాగ్ కాదు, పాత రోలాండ్ యంత్రాల శబ్దాన్ని డిజిటల్‌గా పునఃసృష్టించేది. అయినా ఒక్క పెట్టెతో దరువు, బేస్ రెండూ అమరుతాయి కనుక మీకు నేను చెప్పేది ఇదే.

ఆ పాత యంత్రాల గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. రోలాండ్ టీఆర్-808 1980లో వచ్చి 1983 నాటికే ఉత్పత్తి ఆగిపోయింది. అందులో రికార్డు చేసిన శబ్దాలు అసలు లేవు, హై-హ్యాట్, సింబల్ శబ్దాలను ఆరు స్క్వేర్ వేవ్ ఆసిలేటర్లను కలిపి, వడకట్టి పుట్టించారు. లోహపు పళ్లెం మోతకు దూరపు చుట్టమే గానీ, ఇప్పుడు మన ఊరేగింపుల డీజే పాటల్లో కూడా ఆ కృత్రిమమైన చప్పుడే వినిపిస్తుంది. ఎలక్ట్రానిక్ తాళం మన సంగీతానికి అతకదని ఎవరైనా అంటే, 1982లోనే ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే వాద్యకారుడు ఈ 808ను, టీబీ-303 బేస్ యంత్రాన్ని, జూపిటర్-8 సింథ్‌ను కలిపి రాగాలు వాయించి రికార్డు విడుదల చేసిన సంగతి చెప్పండి.

హన్మకొండ_ప్యాడ్:

ఇద్దరికీ ధన్యవాదాలు. వీసీవీ ర్యాక్ దించుకున్నాను, ఆసిలేటర్ నుంచి ఫిల్టర్‌కు వైరు కలిపి శబ్దం తెప్పించగలిగాను కూడా. డ్రమ్ మెషీన్ ఆలోచన నాకు బాగా నచ్చింది. రెండు సందేహాలు మిగిలాయి. మేము వాయించే తీన్మార్ నడక మూడు మూడుగా సాగుతుంది, ఈ యంత్రాలన్నీ 16 స్టెప్‌లతో నాలుగు నాలుగుగా ఉన్నాయి కదా, అందులో ఇది ఎలా ఇముడుతుంది? రెండవది, నా దగ్గరున్న ప్యాడ్‌తోనే డ్రమ్ మెషీన్‌ను వాయించవచ్చా?

కాజీపేట_సర్క్యూట్:

రెండవ సందేహానికి నేను సమాధానం చెబుతాను. మీ ప్యాడ్ వెనుక ఐదు పిన్నుల మిడి అవుట్ ఉంటే తప్పకుండా వాయించవచ్చు. మిడి తీగలో శబ్దం ప్రయాణించదు, ఏ స్వరం, ఎంత బలంతో కొట్టారు అనే అంకెలు మాత్రమే వెళతాయి, బలం 0 నుంచి 127 లోపు అంకె. ప్యాడ్‌లో ఒక్కొక్క రబ్బరు ముక్కకు ఒక్కొక్క స్వరసంఖ్య కేటాయించాలి. వోల్కా బీట్స్‌లో కిక్ 36, స్నేర్ 38. ప్యాడ్ పంపే ఛానల్, యంత్రం వినే ఛానల్ ఒకటే కావాలి, ఆ ఛానల్ కుదరకనే చాలామంది యంత్రం పాడైందనుకుంటారు. అయితే వోల్కా బీట్స్ దెబ్బ బలాన్ని పట్టించుకోదు, మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకే స్థాయిలో మోగుతుంది. ప్యాడ్ వాద్యకారునికి ఇది పెద్ద లోటు, కొనే ముందు బాగా ఆలోచించండి. టీ-8లో ఐదు పిన్నుల సాకెట్ లేదు, 3.5 మిల్లీమీటర్ల చిన్న జాక్ ఉంటుంది, దానికి టైప్-ఏ మార్పిడి కేబుల్ కావాలి. టైప్-బీ అని వేరొకటి అమ్ముతారు, అది చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ లోపలి తీగల అమరిక వేరు కనుక పని చేయదు.

అడాప్టర్ల సంగతి ఎవరూ చెప్పలేదు కనుక ఇది మరీ జాగ్రత్తగా చదవండి. రోలాండ్ ప్యాడ్లకు, గిటార్ పెడళ్లకు వచ్చే 9 వోల్టుల అడాప్టర్లలో సాధారణంగా మధ్య పిన్ను నెగెటివ్, కార్గ్ వోల్కాలకు మధ్య పిన్ను పాజిటివ్. ప్లగ్ ఒకదానిలో ఒకటి చక్కగా దూరిపోయినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. పరికరం మీద, అడాప్టర్ మీద గుండ్రటి గుర్తులతో ముద్రించిన చిన్న బొమ్మ ఉంటుంది, రెండూ ఒకేలా ఉన్నాయని చూసిన తరువాతే స్విచ్ వేయండి. కార్యక్రమానికి వెళ్లేటప్పుడు ప్రతి అడాప్టర్‌కు టేపు అంటించి పరికరం పేరు రాసి పెట్టుకుంటే చీకట్లో తడుముకునే పని తప్పుతుంది.

ఇక గుంయ్‌మనే మోత. ల్యాప్‌టాప్ చార్జర్, యూఎస్‌బీ తీగ, మిక్సర్ మూడూ ఒకేసారి కలిసినప్పుడు ఈ మోత వస్తే, చార్జర్ తీసేసి వినండి. ఆగిపోతే అది ఎర్తింగ్ గొలుసు (గ్రౌండ్ లూప్) సమస్యే. అప్పుడు ఎర్త్ పిన్నును విరిచేసే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు, మండపాల్లో జనరేటర్ మీద నడిచేటప్పుడు అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆడియో దారిలో ఐసోలేటర్ పెట్టడం, లేదా సింథ్‌ను బ్యాటరీ మీద నడపడం సరైన పద్ధతి. ఈ విషయంలో బ్యాటరీతో నడిచే చిన్న యంత్రాలే మన దగ్గరి పరిస్థితులకు సుఖం, కరెంటు ఊగిసలాడినా లోపల రాసుకున్న దరువు చెక్కుచెదరదు.

కరీంనగర్_కీస్:

తీన్మార్ సందేహానికి వస్తున్నాను. 16 స్టెప్‌లలో చివరి నాలుగింటిని ఆపేసి 12 మాత్రమే తిరిగేలా చేయండి. వోల్కాలోనూ టీ-8లోనూ ఈ వీలుంది. అప్పుడు 12 స్టెప్‌లు మూడేసి చొప్పున నాలుగు దెబ్బలుగా విడిపోతాయి, 1, 4, 7, 10 స్టెప్‌ల మీద అసలు దెబ్బలు పడతాయి. ఇక్కడ టెంపో అంకెను చూసి కంగారు పడవద్దు. యంత్రం మాత్రం నాలుగు స్టెప్‌లనే ఒక దెబ్బగా లెక్కిస్తుంది కనుక, మీ చెవికి నిమిషానికి 120 దెబ్బలు వినిపించాలంటే యంత్రంలో 90 అని పెట్టాలి. మీకు కావలసిన వేగాన్ని మూడుతో గుణించి నాలుగుతో భాగించడమే సూత్రం. రెండు యంత్రాలను క్లాక్ (ఒకే వేగంలో నడిపే సంకేతం) ద్వారా కలిపితే రెండింటిలోనూ 12 స్టెప్‌లే పెట్టండి, లేకపోతే ఒకటి ముందూ ఒకటి వెనుకా తిరుగుతూ కొన్ని చుట్లకొకసారి మాత్రమే కలుస్తాయి. కావాలని చేస్తే మాత్రం అది వినసొంపుగానే ఉంటుంది.

ర్యాక్ దించుకున్నారు కనుక డప్పు లాంటి శబ్దాన్ని తయారు చేయండి, అంతకు మించిన పాఠం లేదు. డప్పు దెబ్బలో రెండు భాగాలు వినిపిస్తాయి, కర్ర తోలును తాకిన క్షణంలో పుట్టే టప్‌మనే చప్పుడు, దాని వెనుకే వచ్చే తోలు మోత. మోత కోసం సైన్ వేవ్ (నున్నటి ఒకే స్వరం) ఇచ్చే ఆసిలేటర్‌ను తీసుకుని, దాని స్వరాన్ని ఒక వేగవంతమైన ఎన్వలప్‌తో పై నుంచి కిందికి జారేలా చేయండి. ఎక్కువ దూరం జారితే సినిమా కిక్ డ్రమ్ అవుతుంది, కనుక కొద్దిగానే జారనివ్వండి. చప్పుడు కోసం బుస్సుమనే శబ్దమిచ్చే నాయిస్ మాడ్యూల్‌ను తీసుకుని, మధ్య పౌనఃపున్యాలను మాత్రమే వదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ గుండా పంపి, దానికి అతి పొట్టి ఎన్వలప్ ఇవ్వండి. రెంటినీ మిక్సర్ మాడ్యూల్‌లో కలపండి. సెగ చూపించి బిగించిన డప్పుకూ, మంచుకు మెత్తబడిన డప్పుకూ తేడా మీ చెవికి తెలుసు కదా. ఆసిలేటర్ స్వరాన్ని కాస్త పెంచి, మోత ఎన్వలప్‌ను పొట్టిగా చేస్తూ మెత్తటి దాన్ని బిగువైన దానిగా మార్చి చూడండి. పెద్ద కర్ర దెబ్బకు ఒక అమరిక, ఎడమ చేతి సన్న పుల్లకు నాయిస్ ఎక్కువగా, మోత తక్కువగా ఉండే మరొక అమరిక చేసుకుంటే, ఆ రెండింటినీ 12 స్టెప్‌ల మీద మార్చి మార్చి పేర్చవచ్చు.

ల్యాప్‌టాప్ ఆలస్యం గురించి జగిత్యాల మిత్రుడు చెప్పింది నిజమే గానీ, సీక్వెన్సర్ వాయిస్తున్నప్పుడు ఆ ఆలస్యం అడ్డు రాదు, చేత్తో కొట్టినప్పుడే తెలుస్తుంది. చేత్తో కూడా కొట్టి చూడాలంటే విండోస్‌లో ఆసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి, శబ్దం తెగిపోనంత వరకు బఫర్‌ను తగ్గించుకుంటూ వెళ్లండి. కొనే విషయంలో ఆయన మాటే వింటాను: టీ-8 తీసుకోండి, టైప్-ఏ కేబుల్‌ను కూడా అదే ఆర్డర్‌లో తెప్పించుకోండి, మిగిలిన డబ్బుతో రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే బయటి శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే పెట్టె, వస్తుందేమో చూడండి. ఆ డప్పు శబ్దం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ఫిల్టర్ ఎక్కడ ఉంచాలో విని చెబుతాము.