గడియారం చౌరస్తా దగ్గర పాత సామాన్లమ్మే తాత ఎవరికైనా గుర్తున్నాడా?

పాలమూరు పోరడు:
నాయన ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక వెండి బిళ్ల దొరికింది. ఒకవైపు చార్మినార్ బొమ్మ, రెండోవైపు ఉర్దూలాంటి రాత. మహబూబ్‌నగర్ గడియారం దగ్గర గోనెపట్టా పరిచి తాళాలు, ఇత్తడి చెంబులు, నడవని వాచీలు అమ్మే తాత దగ్గర కొన్నాడట. ఇది అసలుదేనా?

టవర్ కింద:
తాత గుర్తున్నాడు. పదో తరగతిలో ఆయన దగ్గర సైకిల్ డైనమో కొన్నాను. బిగిస్తే లైటు వెలగలేదు. మర్నాడు పోయి అడిగితే "వెలిగేదైతే నీకెందుకు అమ్ముతా బిడ్డా" అన్నాడు. పైసలు మాత్రం తిరిగి ఇయ్యలేదు.

హాలీసిక్కా:
నిజాం కాలపు సిక్కా అయ్యుంటుంది. చార్మినార్ నడిమి కమానులో చిన్న అక్షరం ఉంటుంది, భూతద్దంతో చూడండి. 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మీమ్‌కు గుండ్రటి తల, కిందికి తోక. ఐన్ తెరిచిన నోరులా ఉంటుంది. రూపాయి బిళ్లయితే 11 గ్రాములకు కాస్త ఎక్కువే తూగాలి. అప్పట్లో 7 హాలీ రూపాయలు, అంటే నిజాం రూపాయలు, పెడితే 6 కల్దార్లు, అంటే ఇంగ్లీషు రూపాయలు, వచ్చేవి.

బేరగాడు:
అయస్కాంతం కూడా పెట్టి చూడు తమ్మీ. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో ఒకసారి 200 ఇచ్చి ఇలాంటిదే కొన్నాను. జుమ్మేరాత్ అంటే గురువారమే కదా, తెల్లారకముందే టార్చిలైట్లు పట్టుకుని బేరాలు. ఆ చీకట్లో అన్నీ వెండిలాగే మెరుస్తాయి. ఇంటికొచ్చాక నా బిళ్ల అయస్కాంతానికి టక్కున అతుక్కుంది.

రుక్మమ్మపేట:
మీమ్ అయితే మన ఊరికి చుట్టమే. పాలమూరు, రుక్మమ్మపేట అనే పేర్లు పోయి 1890లో మహబూబ్‌నగర్ అయింది ఆ నిజాం పేరు మీదే. ఇప్పటికీ మా అమ్మమ్మ బస్సెక్కితే "పాలమూరుకు టికెట్" అనే అడుగుతుంది, అది వేరే సంగతి.

పాలమూరు పోరడు:
అందరికీ థ్యాంక్స్. అయస్కాంతానికి అంటలేదు, కంసాలి త్రాసులో 11 దాటింది. అక్షరం అరిగింది గానీ ఎండకు పెట్టి చూస్తే గుండ్రటి తల, కింద తోక. మీమే! అమ్మకు చూపిస్తే "ఇదేనా? పాలపైసలు పెట్టి దీన్ని కొన్నాడని వారం మాట్లాడలేదు" అని కొంగుతో తుడిచి మళ్లీ పెట్టెలోనే పెట్టింది.