సీటీ స్కాన్ నార్మల్ వస్తే తలదెబ్బ మానినట్టేనా? పదో రోజు డ్యూటీకి పంపొచ్చా?

చంద్రగిరి అన్న

మా తమ్ముడికి 26 ఏళ్లు. తిరుపతి నుంచి కొండకు ట్యాక్సీ తోలతాడు. పది రోజుల కిందట రాత్రి బైక్ మీద ఇంటికొస్తూ హైవే పక్కన గుంతలో పడ్డాడు. హెల్మెట్ ట్యాంకు మీద ఉంది, తలకు లేదు. ఐదు నిమిషాలు స్పృహ లేదని ఎత్తినవాళ్లు చెప్పారు. ఆసుపత్రిలో సీటీ తీశారు, నార్మల్. ఒక రాత్రి అబ్జర్వేషన్‌లో పెట్టి పంపేశారు. చీటీలో నొప్పి మాత్రలు, నెలకు సరిపడా సిటికోలిన్ రాశారు. అదెందుకని అడిగితే "మెదడు బలానికి" అన్నారు, అంతే.

బండి ఓనర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. తమ్ముడూ పోతానంటున్నాడు. కానీ సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, టీవీ వెలుతురు పడదు. నిన్న గ్యాస్ బుక్ చేశామా అని మూడుసార్లు అడిగాడు. మా అవ్వ వంకాయ, గుమ్మడికాయ పెట్టొద్దని పత్యం పెట్టింది. తలకు దెబ్బ తగిలితే రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ దెబ్బతింటుందని చదివాను. అది మూసుకుందో లేదో ఎలా తెలుస్తుంది? మూసుకునేదాకా వీణ్ణి ఇంట్లో ఉంచాలా?

పుత్తూరు లెక్చరర్

అన్నా, నేను జువాలజీ చెప్తాను, డాక్టర్ని కాదు. మీరు చదివింది బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ గురించి. గోడ అంటే ఒక్కచోట కట్టిన గోడ కాదు. మెదడులోని దాదాపు ప్రతి సన్న రక్తనాళం లోపలి పొరే ఆ గోడ. అక్కడి కణాలు ఒకదానికొకటి సందు లేకుండా కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. బయట పెరిసైట్లు అనే కణాలు, ఆస్ట్రోసైట్లు అనే మెదడు సహాయక కణాల పాదాలు వాటిని పట్టుకుని ఉంటాయి. 1885లో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకు పట్టలేదు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ అదే జాతి రంగును మెదడు చుట్టూ ఉండే నీటిలోకి ఎక్కిస్తే మెదడుకే పట్టింది, ఒంటికి పట్టలేదు. రెండింటి మధ్యా అడ్డు ఉందని అలా తెలిసింది.

మనకు అలిపిరి టోల్‌గేట్ లాంటిది. ప్రతి బండినీ ఆపి చూస్తారు, కొండకు కావలసిన సరుకును మాత్రం పంపుతారు. గ్లూకోజుకైతే విడిగా వాహక ప్రోటీన్ ఉంది. దెబ్బ తగలగానే కొన్ని గంటల్లో గేటు సడలుతుంది. చాలామందిలో రోజుల్లో, వారాల్లో మళ్లీ బిగుస్తుంది. సీటీ నార్మల్, వయసు 26. నా ఉద్దేశంలో భయపెట్టి మంచానికి కట్టేయడం తప్పు. నెమ్మదిగా పనిలోకి పంపండి.

పలమనేరు అమ్మ

సారు చెప్పినంత సులువు కాదు. మా అబ్బాయికి ఇంటర్‌లో ఉన్నప్పుడు తలకు దెబ్బ తగిలింది. వాడికీ సీటీలో ఏమీ లేదన్నారు. నెలలోపే మామూలుగా అయిపోయాడు, మేమూ మర్చిపోయాం. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఇప్పుడు మాత్రల మీద ఉన్నాడు, బాగున్నాడు, దేవుడి దయ. డ్రైవింగ్ మాత్రం మానిపించాం. మూసుకుందని ఎవరు చూశారు సారూ?

న్యూరో సిస్టర్

అమ్మా, మీ ప్రశ్న సరైనది. 14 ఏళ్లుగా న్యూరో ఐసీయూలో చేస్తున్నాను.

ముందు అన్నకు. సీటీ రక్తం గడ్డలను, విరిగిన ఎముకను, పెద్ద వాపును చూపిస్తుంది. సన్న నాళాల నుంచి ఊరే లీకేజీని మామూలు సీటీ చూపించదు. దాన్ని చూడాలంటే గాడోలినియం అనే మందు ఎక్కించి, అది మెదడులోకి ఎంత వేగంగా ఊరుతుందో ఎంఆర్ఐలో కొలవాలి. అది పరిశోధన పద్ధతి, మామూలు తలదెబ్బలకు ఎవరూ చేయరు. ఇజ్రాయెల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లను అలా చూసి 2014లో ప్రచురించారు. పైకి ఆరోగ్యంగా తిరుగుతున్న ఆటగాళ్లలోనూ కొందరికి లీకేజీ కనబడింది. తలదెబ్బ తర్వాత ఫిట్స్ వచ్చిన కొందరిలో ఏళ్ల తర్వాత కూడా కనబడింది.

లీకైతే ఏమవుతుందంటే, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మెదడులోకి దిగుతుంది. ఆస్ట్రోసైట్లు దాన్ని పట్టుకుని టీజీఎఫ్ బీటా అనే సంకేతాన్ని మొదలుపెడతాయి. దాంతో అవి చుట్టూ పేరుకున్న పొటాషియాన్ని, నరకణాలను రేపే గ్లుటమేట్ అనే రసాయనాన్ని సరిగా తీసేయలేవు. అక్కడి నరకణాలు చిన్నదానికే రేగుతాయి. ఫిట్స్‌కు ఇదొక దారి అని ఎలుకల మీద గట్టి ఆధారాలు ఉన్నాయి. అమ్మా, మీ అబ్బాయికి ఇదే జరిగిందని నేను చెప్పలేను. ఆ మాట ఇక్కడ ఎవరు చెప్పినా నమ్మకండి.

పుత్తూరు లెక్చరర్

సిస్టర్, ఒప్పుకుంటున్నాను. "చాలామందిలో" అని రాసి దాటేయకుండా మిగతావాళ్ల సంగతి కూడా చెప్పి ఉండాల్సింది. కానీ గోడ తెరుచుకోవడమంతా చెడే అనే మాట దగ్గర నాకు పేచీ ఉంది. ఎంఎంపీ-9 అనే ఎంజైమ్ మొదటి రోజుల్లో గోడ కింది పొరను కోసేస్తుంది, అది నష్టమే. అదే కుటుంబం ఎంజైములు తర్వాత కొత్త రక్తనాళాలు దారి చేసుకోవడానికి పనికొస్తాయి. స్ట్రోక్ తెప్పించిన ఎలుకల్లో ఏడో రోజు వాటిని అడ్డుకుంటే కోలుకోవడం మెరుగుపడలేదు, దెబ్బతింది. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కూడా అంతే, తొందరగా ఇస్తే లీకేజీ పెంచుతుంది, ఆలస్యంగా ఇస్తే కొత్త నాళాలు మొలిపిస్తుంది. అందుకే "గోడ మూసే మందు" అని ఎవరైనా అంటే, ఏ రోజున అని అడగాలి.

న్యూరో సిస్టర్

ఇది నిజం. మందుల మాట వచ్చింది కాబట్టి చెప్తాను, నాకు ఎక్కువ బాధ కలిగేది ఇక్కడే.

మెదడు కణితి చుట్టూ వాపుకు స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది, అదీ గోడ లీకైన వాపే. అందుకని తలదెబ్బకూ ఏళ్ల తరబడి ఇచ్చారు. చివరికి క్రాష్ అనే పరీక్షలో 10,008 మందిని తీసుకుని, సగం మందికి మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చూశారు. 2004లో ఫలితం వచ్చింది. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ ఇచ్చిన వైపు 21.1 శాతం, ఇవ్వని వైపు 17.9 శాతం. సాయం అనుకున్నది ప్రాణం తీసింది. అయినా ఇప్పటికీ మెడికల్ షాపు దగ్గర "వాపు తగ్గడానికి ఒక డెక్సా వేయించండి" అనేవాళ్లు ఉన్నారు. అదీ స్టెరాయిడే, దయచేసి వేయించుకోకండి.

మానిటాల్ సంగతి కూడా అంతే. అది మెదడులోని నీళ్లను రక్తంలోకి లాగుతుంది, కానీ ఆ లాగడానికి గోడ బాగుండాలి. గోడ పోయిన చోట మందే మెదడులోకి దిగొచ్చు. అందుకే అది ఐసీయూలో, కొలిచి ఇచ్చే మందు.

అన్నా, మీ చీటీలోని సిటికోలిన్‌ను 1,213 మంది తలదెబ్బ రోగుల మీద చూశారు, 2012లో ప్రచురించారు. 90 రోజులకు మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ సిటికోలిన్ వేసుకున్నవాళ్లకూ తేడా లేదు. రాసిన డాక్టరును అడిగి ఆపించుకోండి. ఆ డబ్బుతో పిల్లాడికి గుడ్లు, పండ్లు పెట్టండి. వంకాయ, గుమ్మడికాయ కూడా పెట్టండి, వాటికీ గాయానికీ సంబంధం లేదు. అవ్వకు నెమ్మదిగా చెప్పండి.

చిత్తూరు డ్రైవరన్న

మీరంతా చదువుకున్నవాళ్లు. నేను లోడు బండి తోలతాను. నెల ఇంట్లో కూర్చుంటే ఈఎంఐ ఎవరు కడతారు? ఓనర్ ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. "రెస్ట్ తీసుకో" అనడం సులువు. ఎన్ని రోజులో ఒక లెక్క చెప్పండి.

న్యూరో సిస్టర్

అన్నా, మీరడిగింది న్యాయమే. లెక్క ఉంది, కానీ తేదీలతో కాదు. మొదటి ఒకటి రెండు రోజులే గట్టి విశ్రాంతి. తర్వాత మంచంలో పడుకోబెట్టడం మంచిది కాదని ఇప్పటి పద్ధతి. నడవాలి, ఇంటి పని చేయాలి, తలనొప్పి పెరిగితే ఒక మెట్టు దిగాలి. ఈ విషయంలో లెక్చరర్ సార్ చెప్పిందే సరి.

డ్రైవింగ్ మాత్రం వేరే. వెలుతురు పడనివాడు, ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగేవాడు పదిమందిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు తోలకూడదు. గోడ మూసుకుందా లేదా అన్నది మనకు కనబడదు, ఈ లక్షణాలు కనబడుతున్నాయి కదా. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే, అరుదుగానే అయినా, కుర్రవాళ్లలో మెదడు ఒక్కసారిగా వాచిన సందర్భాలు ఉన్నాయి.

తలనొప్పి రోజురోజుకూ పెరిగినా, వాంతులైనా, మత్తుగా పడుకున్నా, చెయ్యి గానీ కాలు గానీ బలహీనపడినా, ఫిట్స్ వచ్చినా ఇక్కడ పోస్ట్ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి.

పలమనేరు అమ్మ

లోసార్టన్ అనే బీపీ మాత్ర వేస్తే ఫిట్స్ రావని మా బంధువులబ్బాయి వాట్సాప్‌లో పంపాడు. నిజమేనా సిస్టర్?

పుత్తూరు లెక్చరర్

అమ్మా, అది ఎలుకల్లో చేసిన పని. టీజీఎఫ్ బీటా దారిని అడ్డుకుంటుందని చూశారు, ఫిట్స్ తగ్గాయి. మనుషుల్లో తలదెబ్బ ఫిట్స్‌కు అది ఇంకా వైద్యం కాదు. బీపీ లేని పిల్లాడికి వేస్తే కళ్లు తిరిగి పడొచ్చు. వాడి ఫిట్స్ మాత్రలను ఒక్కరోజు కూడా తప్పించకండి.

చంద్రగిరి అన్న

అందరికీ నమస్కారం. నిన్న తమ్ముణ్ణి న్యూరో ఓపీకి తీసుకెళ్లాను. సిటికోలిన్ ఆపేయమన్నారు. పదిహేను రోజుల తర్వాత మళ్లీ చూపించి, అప్పుడు స్టీరింగ్ పట్టుకోమన్నారు. ఓనర్‌తో నేనే మాట్లాడాను. అప్పటిదాకా ఆఫీసులో బుకింగ్ ఫోన్లు చూసుకోమన్నాడు, సగం జీతం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఫోన్ వెలుతురుకు తలనొప్పి వస్తే అదీ తగ్గిస్తాం. రాత్రి అవ్వే గుత్తివంకాయ చేసింది.